ఫైర్‌ప్లేస్ ఉంది, వెనకాల 3 ఎకరాల చెట్లున్నాయి: ప్రొపేన్ మానేసి కట్టెలతో ఇల్లు వెచ్చబెట్టుకోవచ్చా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. ఆల్బనీకి ఉత్తరాన, గ్యాస్ పైపు రాని ఊళ్లో ఇల్లు కొన్నారు. ప్రొపేన్ ఫర్నేస్. నిరుడు చలికాలానికి దాదాపు 1,000 గాలన్లు కాలింది, 3,300 డాలర్లయింది. హాల్లో ఇటుక ఫైర్‌ప్లేస్ ఉంది. ఇంటి వెనక 3 ఎకరాల అడవి మీదే. కట్టెలతో ఖర్చు తగ్గుతుందా, అది పర్యావరణానికి మంచిదేనా, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకి పొగతో ఇబ్బందా, డిసెంబర్ లోపు ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేనూ న్యూయార్క్ రాష్ట్రం పై భాగంలోనే ఉంటాను, చాలా ఏళ్లుగా మా ఇంటి వేడిలో ఎక్కువ భాగం కట్టెలదే. డబ్బు మిగులుతుంది, కానీ మీరు ఊహించుకున్నంత కాదు. మంచిదా చెడ్డదా అన్నది స్టవ్ బ్రాండ్ మీద కన్నా మీరు కాల్చే కట్టె ఎంత ఆరింది అన్నదాని మీదే ఉంటుంది. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: ముందు కట్టె సంగతి తేల్చుకోండి, స్టవ్ తర్వాత కొనొచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అక్టోబర్‌లో స్టవ్ కొని, నవంబర్‌లో కట్టెల కోసం ఫోన్లు మొదలుపెడతారు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం లాంటిదే అది.

లెక్కతో మొదలెడదాం. ఇక్కడ కట్టెల్ని కార్డ్ లెక్కన అమ్ముతారు. 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున దగ్గరగా పేర్చిన కట్టె ఒక కార్డ్, అంటే 128 ఘనపుటడుగులు. ఆరిన రెడ్ ఓక్, షుగర్ మేపుల్ లాంటి గట్టి కట్టె అయితే కార్డ్‌లో సుమారు 24 మిలియన్ బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్) వేడి ఉంటుంది. మంచి స్టవ్ అందులో 70 శాతం ఇంట్లోకి ఇస్తుందనుకుంటే మీకు అందేది 17 మిలియన్లకి కాస్త తక్కువ. గాలన్ ప్రొపేన్‌లో 91,500 బీటీయూలుంటాయి, మీ ఫర్నేస్ 92 శాతం రకం అయితే అందేది 84,000. భాగిస్తే ఒక కార్డ్ కట్టె సుమారు 200 గాలన్ల ప్రొపేన్‌కి సమానం. మీరు కడుతున్న రేటుకి 200 గాలన్లంటే 660 డాలర్లు. కార్డ్ కట్టె 350 డాలర్లకి దొరికిందనుకుందాం. ఆదా 310.

ఇక్కడే చాలామంది 1,000 గాలన్లని 5 కార్డ్‌లుగా మార్చేసి, ఏడాదికి 1,500 మిగులుతాయని సంబరపడతారు. అలా జరగదు. మీరు ఆఫీసుకెళ్తారు, ఊళ్లకెళ్తారు, వెనక బెడ్రూముల దాకా స్టవ్ వేడి పూర్తిగా రాదు, నిద్రలో లేచి కట్టె వేయరు. వేడిలో మూడింట రెండు వంతులు కట్టెది అయితే అది మంచి ఫలితం. అంటే మూడుంపావు కార్డ్‌లు, 650 గాలన్ల ప్రొపేన్ తగ్గడం, చేతిలో సుమారు 1,000 డాలర్లు. అందులోంచి ఏటా చిమ్నీ శుభ్రం చేయించే ఖర్చు తీసేయండి. స్టవ్, లైనర్ (చిమ్నీ లోపల వేసే గొట్టం), బిగింపు కలిపి 6,000 డాలర్ల దాకా అవుతుందనుకుంటే పెట్టుబడి తిరిగి రావడానికి ఏడేళ్ల పైమాటే. 30 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ ఉండేది, గరిష్ఠంగా 2,000 డాలర్లు, అది 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది. పాత వెబ్ పేజీలు చూసి దాన్ని లెక్కలో వేసుకోకండి.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట. మీ వీధిలో నేచురల్ గ్యాస్ పైపు ఉంటే, డబ్బు కోసం మాత్రం కట్టెల జోలికి పోకండి. వేడికి వేడి లెక్కేస్తే గ్యాస్ చాలాచోట్ల కొన్న కట్టె కన్నా చవక, శ్రమ లేదు. కట్టె లాభం ప్రొపేన్, హీటింగ్ ఆయిల్, గోడ కింద ఉండే ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లు ఉన్న ఇళ్లకే. హీట్ పంప్, అంటే బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే యంత్రం, దాని సంగతి వేరు. యూనిట్ 20 సెంట్లు, ఒక యూనిట్ కరెంటుకి రెండున్నర యూనిట్ల వేడి వస్తుందనుకుంటే మిలియన్ బీటీయూలకి 23 డాలర్లు పడుతుంది. కొన్న కట్టెకి 21. తేడా దాదాపు లేనట్టే. నన్నడిగితే అక్టోబర్, నవంబర్, ఏప్రిల్‌లలో హీట్ పంప్, గట్టి చలిలో కట్టెలు, ఊళ్లో లేనప్పుడు ఫర్నేస్. కట్టెల స్టవ్‌కి ఇంకొకటి కలిసొస్తుంది: కరెంటు పోయినా అది ఆగదు. 1998 జనవరిలో ఉత్తర న్యూయార్క్‌ని, వెర్మాంట్‌ని, క్యూబెక్‌ని మంచు తుఫాను కమ్మేసినప్పుడు కొన్ని చోట్ల వారాల తరబడి కరెంటు లేదు. రంపపు పొట్టు గుళికలు కాల్చే పెల్లెట్ స్టవ్ మంచిదే, శుభ్రంగా కాలుతుంది, కానీ దానికి కరెంటు కావాలి.

స్టవ్‌కి పెట్టే డబ్బులో కొంత ముందు అటకకి పెట్టండి. బ్లోయర్ డోర్ టెస్ట్ (గుమ్మంలో ఫ్యాన్ బిగించి గాలి ఎక్కడ కారుతోందో చూసే పరీక్ష) చేయించి, అటకలోకి గాలి పోయే సందులు మూయించి, ఇన్సులేషన్ వేయించుకుంటే ఏడాదికి ఒక కార్డ్ కట్టె కొట్టే పని తప్పచ్చు. అది ఏ ఇంధనానికైనా కలిసొచ్చే ఆదా.

ఇక మీ ఫైర్‌ప్లేస్. చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఇల్లు వెచ్చబెట్టడానికి పనికిరాదు. తెరిచిన మంట మనం డబ్బు పోసి వేడిచేసిన గదిలో గాలినే లాక్కుని చిమ్నీలోంచి బయటికి పంపిస్తుంది. దాని బదులు బయటి చలిగాలి కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తుంది. ముందు కూర్చున్నవాడికి మోకాళ్లు కాలుతుంటాయి, వెనక గదిలో పడుకున్నవాడు రెండో దుప్పటి వెతుక్కుంటాడు. దీనికి విరుగుడు ఇన్సర్ట్: ఆ గూట్లో ఇమిడే, గాజు తలుపున్న ఇనప స్టవ్. దానితో పాటు కింద నుంచి పైదాకా స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ వేయించండి, చాలా మోడళ్లకి 6 అంగుళాలది సరిపోతుంది. కొందరు ఖర్చు తగ్గుతుందని ఇన్సర్ట్ పెట్టి పొగని పాత పెద్ద చిమ్నీలోకే వదిలేస్తారు. ఒప్పుకోకండి. అంత పెద్ద చల్లటి గొట్టంలో పొగ చల్లబడి, లోపలి గోడలకి క్రియోసోట్ అనే తారు పట్టేస్తుంది. చిమ్నీ మంటలకి అసలు కారణం అదే. మీ చిమ్నీ బయటి గోడకి ఆనుకుని ఉందన్నారు కాబట్టి లైనర్ చుట్టూ ఇన్సులేషన్ చుట్టించడం కూడా మర్చిపోవద్దు.

స్టవ్ కొనేటప్పుడు వెనక ఉండే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లేబుల్ చూడండి. 2020 మే 15 నుంచి అమ్మే కొత్త స్టవ్‌లన్నీ గంటకి 2 గ్రాముల లోపు పొగ నుసి వదిలేవై ఉండాలి, మామూలు కట్టెతో పరీక్షించినవైతే రెండున్నర గ్రాముల లోపు. సెకండ్‌హ్యాండ్‌లో 200 డాలర్లకి దొరికే పాత డబ్బా స్టవ్‌లు దీనికి ఎన్నో రెట్లు వదులుతాయి, పైగా కట్టె కూడా ఎక్కువ తింటాయి. అవి తీసుకోకండి. క్యాటలిస్ట్ (పొగని తక్కువ వేడిలోనే కాల్చేసే భాగం) ఉన్నదా, లేనిదా అని కూడా అడుగుతుంటారు. క్యాటలిస్ట్ ఉన్నది చిన్న మంట మీద ఎక్కువసేపు నిలకడగా కాలుతుంది, కానీ ఆ భాగాన్ని కొన్నేళ్లకోసారి మార్చాలి. లేనిదాంట్లో పై గొట్టాల్లోంచి వేడి గాలి వచ్చి పొగని మళ్లీ కాలుస్తుంది, దానికి లోపల 1,100 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి. కొత్తవాళ్లకి నేను రెండోదే చెప్తాను. సైజు విషయంలో ఆశపడకండి. పెద్ద స్టవ్ కొన్నవాళ్లు ఇల్లు ఉడికిపోతోందని గాలి మూసేసి మంటని కుమిలిస్తారు, పొగంతా అక్కడే పుడుతుంది.

ఇప్పుడు అసలు విషయం, కట్టె. అప్పుడే కొట్టిన ఓక్ కార్డ్‌లో ఆరిన ఓక్ కార్డ్ కన్నా అర టన్నుకి పైగా నీరు ఎక్కువ ఉంటుంది. ఆ నీరంతా ఆవిరైతే గానీ కట్టె సరిగ్గా అంటుకోదు, ఆ ఆవిరికి పోయే వేడి మీరు డబ్బిచ్చి కొన్నదే. మంట చల్లబడుతుంది, పొగ కాలకుండా పైకి పోతుంది, గాజు నల్లబడుతుంది, చిమ్నీకి తారు పడుతుంది. ఎంత మంచి స్టవ్ కొన్నా పచ్చి కట్టె ముందు అది చేతులెత్తేస్తుంది. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి, అంతే.

ఎంతకాలం ఆరాలి? యాష్ కట్టెకి చీల్చి పెట్టాక ఒక ఎండాకాలం చాలు. మేపుల్, బిర్చ్, చెర్రీలకి ఏడాది. ఓక్‌కి రెండేళ్లు, లావు ముక్కలైతే మూడు. మొద్దుగా ఉంచేస్తే ఎన్నేళ్లయినా ఆరదు, చీల్చాకే లెక్క మొదలవుతుంది. అమ్మేవాళ్లు సీజన్డ్, అంటే ఆరబెట్టింది, అంటారు. చెట్టు పడగొట్టి ఏడాదయిందని వాళ్ల ఉద్దేశం కావచ్చు, చీల్చింది నిన్నే కావచ్చు. మాటలు నమ్మకుండా 30 డాలర్ల లోపు దొరికే తేమ మీటర్ ఒకటి కొనండి. కట్టె చివర గుచ్చితే అబద్ధమే చెప్తుంది, చివర్లు ముందే ఆరిపోతాయి కాబట్టి. గొడ్డలితో ముక్కని మళ్లీ రెండుగా చీల్చి, అప్పుడే బయటపడ్డ లోపలి ముఖం మధ్యలో, పీచు పొడవునా రెండు సూదులూ గుచ్చండి. గడ్డకట్టిన కట్టెని బయట కొలవకండి, ముందు రోజు ఇంట్లో పెట్టి కొలవండి. మీటర్ లేకపోతే రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టి వినండి. ఆరినవి ఖణేల్‌మంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. చెవికి అలవాటయ్యాక ఈ పరీక్ష ట్రక్కు దగ్గరే చేసేయొచ్చు, బేరానికి కూడా పనికొస్తుంది.

పేర్చడంలోనూ పద్ధతుంది. నేలకి ఆనకుండా పాత ప్యాలెట్ల మీద, ఒకే వరసగా, ఎండా గాలీ తగిలే చోట. పైన మాత్రమే రేకో టార్పాలినో కప్పండి, పక్కలు వదిలేయండి. చుట్టూ టార్పాలిన్ చుట్టేసి తాడు కట్టిన కట్టెల గుట్టలు ఇక్కడ ప్రతి రోడ్డులోనూ కనిపిస్తాయి, లోపల బూజు తప్ప ఆరేదేమీ ఉండదు. ఇంటి గోడకి ఆనించి పేర్చితే చెదలు, కార్పెంటర్ చీమలు గోడలోకి దారి చూసుకుంటాయి. కాస్త దూరంగా ఉంచి, వారానికి సరిపడా మాత్రం వసారాలోకి తెచ్చుకోండి.

కొనేటప్పుడు మోసపోయేది కొలత దగ్గర. ఫేస్ కార్డ్ అనే మాట ఇక్కడ బాగా వాడతారు. 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు ఉంటుంది, లోతు మాత్రం ఒక కట్టె పొడవు. 16 అంగుళాల కట్టెలైతే అది కార్డ్‌లో మూడో వంతే. ట్రక్కు లోడ్ అన్నది కొలతే కాదు. 8 అడుగుల బెడ్ ఉన్న పికప్‌లో అంచుల దాకా పేర్చినా అర కార్డ్‌కి మించదు, విసిరేసి నింపితే ఇంకా తక్కువ. ధర మాట్లాడే ముందు ఫుల్ కార్డా, ఫేస్ కార్డా అని అడగండి. మీ ఇన్సర్ట్ లోపలి వెడల్పు కొలుచుకుని దానికి రెండంగుళాలు తక్కువ పొడవు చెప్పండి. దూరం నుంచి తెప్పించకండి. న్యూయార్క్‌లో వేడితో శుద్ధి చేయని కట్టెని 50 మైళ్లు దాటించకూడదని నిబంధన ఉంది. కారణం పురుగులు. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ ఇంత దూరం రావడానికి జనం కట్టెల్ని బండ్లలో మోసుకెళ్లడం కూడా ఒక కారణం.

ఆ పురుగు వల్లే మీ 3 ఎకరాల్లో యాష్ చెట్లుంటే అవి చచ్చిపోయి ఉంటాయి, లేదా చావబోతున్నాయి. మీ మొదటి కట్టె అదే కావాలి, త్వరగా ఆరుతుంది, బాగా కాలుతుంది. కానీ చచ్చి నిలబడ్డ యాష్‌ని మీరు కొట్టకండి. చెట్టు పెళుసెక్కి ఉంటుంది, రంపం పెట్టగానే పైకొమ్మ విరిగి నెత్తిన పడుతుంది. మనిషిని పెట్టి పడగొట్టించుకోండి, కోసి చీల్చేది మీరు చూసుకోవచ్చు. అప్పుడైనా కాళ్లకి చాప్స్ (రంపం తగలకుండా కాపాడే తొడుగులు), తలకి హెల్మెట్ ఉండాల్సిందే. చెట్టుకి వెంట్రుకల తాడులా పాకిన తీగ కనిపిస్తే అది పాయిజన్ ఐవీ. దాన్ని ముట్టుకుంటేనే దద్దుర్లు, కాలిస్తే ఆ పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ ముక్కలు పక్కన పడేయండి.

అడవి ఎంత ఇస్తుంది అన్నదానికి ఇక్కడ ఒక మోటు లెక్కుంది: బాగా ఉన్న అడవిలో ఎకరానికి ఏటా అర కార్డ్ కొత్తగా పెరుగుతుంది. మీ 3 ఎకరాలకి ఒకటిన్నర కార్డ్. అంతవరకు తీసుకుంటే అడవి తగ్గదు. మీకు కావాల్సింది మూడుంపావు, కాబట్టి సగం పైన కొనాల్సిందే. పర్యావరణం సంగతి అడిగారు కదా, నా అభిప్రాయం నిక్కచ్చిగా చెప్తాను. కట్టె కాలిస్తే కార్బన్ రాదన్నది అబద్ధం. అదే వేడికి ప్రొపేన్ కన్నా ఎక్కువే వస్తుంది. ఆ చోట మళ్లీ చెట్టు పెరిగితేనే అది తిరిగి లోపలికి పోతుంది, దానికి దశాబ్దాలు పడుతుంది. ఎలాగూ చచ్చిన యాష్, తుఫానుకి పడ్డ చెట్టు, మంచి చెట్టుకి అడ్డొస్తున్న వంకర చెట్టు కాలిస్తే నాకు అభ్యంతరం లేదు. నిటారుగా పెరుగుతున్న చేవగల ఓక్‌ని పొయ్యి కోసం కొట్టడం మాత్రం నాకు నచ్చదు. ఏ చెట్టు తీయాలి, ఏది ఉంచాలి అన్నది తెలియకపోతే కార్నెల్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్ల మాస్టర్ ఫారెస్ట్ ఓనర్ వలంటీర్లు వచ్చి, డబ్బు తీసుకోకుండా మీతో అడవంతా నడిచి చెప్తారు.

పైన్ కాల్చకూడదంటారు, చిమ్నీకి తారు పడుతుందట. తారు పట్టించేది తేమ. అలాస్కాలో చాలామంది పైన్ లాంటి మెత్తటి కట్టె అయిన స్ప్రూస్‌నే కాలుస్తారు. బాగా ఆరిన పైన్ అక్టోబర్‌కీ, నిప్పు రాజేయడానికీ బ్రహ్మాండం, రాత్రంతా నిలవదు, అంతే తేడా. కాల్చకూడనివి వేరే ఉన్నాయి: రంగేసిన చెక్క, ప్లైవుడ్, డెక్ నుంచి ఊడదీసిన ప్రెషర్ ట్రీటెడ్ (రసాయనం పట్టించిన) చెక్క, నిగనిగలాడే ప్యాకింగ్ అట్టలు. 2003 దాకా ఇళ్ల డెక్‌లకి వాడిన ఆ చెక్కలో ఆర్సెనిక్ ఉండేది. భోగి రోజు పాత కుర్చీ ఒకటి స్టవ్‌లో వేద్దామని ఇక్కడ ఒకరిద్దరు సరదాపడటం చూశాను. వార్నిష్ కుర్చీ వద్దు, ఓ ఆరిన యాష్ ముక్క వేసి దణ్ణం పెట్టుకోండి.

అమ్మానాన్నల గురించి. మీ అమ్మగారు చిన్నప్పుడు కట్టెల పొయ్యి దగ్గర గొట్టంతో ఊది, కళ్లనీళ్లు పెట్టుకున్నవారే అయ్యుంటారు. గ్యాస్ వచ్చిందని మేం సంతోషిస్తే నువ్వు అమెరికా వెళ్లి కట్టెలు కొడుతున్నావా అని అడగకుండా ఉండరు. తలుపు మూసిన స్టవ్, ఆరిన కట్టె, సరైన డ్రాఫ్ట్ (చిమ్నీ పొగని పైకి లాగడం) ఉంటే గదిలో పొగ వాసనే రాదు. వస్తోందంటే ఏదో తప్పుందని అర్థం. మీ నాన్నగారికి ఆస్తమా ఉందని రాశారు కాబట్టి ఆయన పడుకునే గది స్టవ్‌కి దూరంగా పెట్టండి, కట్టె వేసే పని మీరు చూసుకోండి, హాల్లో సన్నని నుసిని కూడా పట్టే హెపా ఎయిర్ ప్యూరిఫయర్ ఒకటి నడపండి. డాక్టర్ని కూడా ఒకమాట అడగండి. ఆయనకి తేడా కనిపిస్తే ఆ చలికాలం ఫర్నేస్‌తోనే గడిపేయండి. చీర కొంగు, చున్నీ, సింథటిక్ శాలువాలతో తెరిచిన స్టవ్ ముందు వంగకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. పసిపిల్లలుంటే గాజుకి అడ్డంగా కంచె తప్పనిసరి.

పొగ ఇంట్లోకి రావడానికి మన ఇళ్లలో ప్రత్యేకంగా ఇంకో కారణముంది: వంటగది హుడ్. తాలింపు ఘాటు పోవాలని మనవాళ్లు 900 సీఎఫ్‌ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి లాగే) హుడ్‌లు పెట్టిస్తారు. ఇల్లు బిగుతుగా ఉంటే ఆ హుడ్ గాలి కోసం వెతుక్కుని, దొరికిన చోటి నుంచి లాగుతుంది. చిమ్నీ అన్నిటికన్నా సులువైన దారి. పప్పులో పోపు పడగానే హాల్లో స్టవ్ సందుల్లోంచి పొగ వెనక్కి తన్నడం నేను కళ్లారా చూశాను. కార్బన్ మోనాక్సైడ్ కూడా ఆ దారినే వస్తుంది, దానికి వాసన ఉండదు. 400 సీఎఫ్‌ఎం దాటిన హుడ్‌కి బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు ఉండాలని కోడ్‌లోనే ఉంది. లేకపోతే హుడ్ వేసే ముందు వంటింటి కిటికీ రెండంగుళాలు తెరవండి. స్టవ్ ఉన్న గదిలో, ప్రతి బెడ్రూం బయటా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి.

వెలిగించడం మన పొయ్యికి తలకిందులు. లావు ముక్కలు అడుగున, వాటి మీద సన్నవి, అన్నిటికన్నా పైన చితుకులు, ఆ పైన నిప్పు. మంట పైనుంచి కిందికి దిగుతుంది, మొదటి నిమిషం నుంచే పొగ తక్కువ. చిమ్నీ చల్లగా ఉండి పొగ వెనక్కొస్తుంటే ఒక కాగితం చుట్టి పైన లైనర్ మొదట్లో వెలిగించండి, గొట్టం వేడెక్కి లాగడం మొదలవుతుంది. గాలి తలుపు పూర్తిగా తెరిచి 15, 20 నిమిషాలు బాగా మండనిచ్చి, తర్వాత రెండు మూడు దఫాలుగా తగ్గించండి. అప్పుడు బయటికెళ్లి చిమ్నీ వైపు చూడండి. వేడికి గాలి వణుకుతూ కనిపించాలి, అంతే. పొగ కనిపిస్తే అది మీరు కొన్న వేడి, పక్కింటివాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తోంది. లోయల్లో చలిరాత్రి గాలి కదలదు, ఆ పొగ కాలనీ మీదే కూర్చుంటుంది. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ లాంటి ఊళ్లకి చలికాలం గాలి చెడిపోవడంలో పెద్ద పాలు కట్టెల పొగదే. రాత్రి పడుకునే ముందు కట్టె నింపి వెంటనే గాలి బిగించేసే అలవాటు మాత్రం చేసుకోకండి.

వెనక గదులకి వేడి పోవాలంటే స్టవ్ దగ్గర్నుంచి వేడిగాలిని తోసే ఫ్యాన్ పెట్టి విసిగిపోతారు చాలామంది. తిరగేసి చేయండి. వెనక గది గుమ్మం దగ్గర నేల మీద చిన్న ఫ్యాన్ పెట్టి చల్లగాలిని స్టవ్ వైపు నెట్టండి, దాని బదులు వేడిగాలి కప్పు కింద నుంచి తనే వెళ్తుంది. థర్మోస్టాట్ హాల్లోనే ఉంటే ఇంకో టెన్షన్ ఉంది. హాలు వెచ్చగా ఉందని ఫర్నేస్ అసలు ఆన్ కాదు, గట్టి చలి రాత్రి బయటి గోడల్లోని నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. గట్టి చలి రోజుల్లో ఫర్నేస్‌ని రోజుకి రెండు మూడుసార్లు బలవంతంగానైనా నడపండి.

ఈ డిసెంబర్ విషయానికొస్తే, ఇప్పుడు కొన్న కట్టె ఈ చలికాలానికి ఆరదు. కాబట్టి ఈ వారం ఫోన్ చేయాల్సింది చిమ్నీ స్వీప్‌కి. సీఎస్ఐఏ (చిమ్నీ భద్రతా సంస్థ) సర్టిఫికేట్ ఉన్నవాణ్ణి పిలిచి, కెమెరా పెట్టి లోపల చూడమనండి. ఏటా తనిఖీ చేయించాలన్నది ఇక్కడి అగ్నిమాపక ప్రమాణాల్లోనూ ఉంది. చిమ్నీ కప్పు దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు, 10 అడుగుల దూరంలో ఇంటి భాగం ఏదున్నా దానికన్నా 2 అడుగులు ఎత్తులో ఉందేమో కూడా చూస్తాడు. టౌన్ పర్మిట్ తీసుకుని, ఇంటి ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకుండా పెట్టిన స్టవ్‌తో ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది. రెండేళ్ల తర్వాత కాల్చే ఓక్‌ని ఇప్పుడే కొని పేర్చండి, పచ్చిది చవగ్గా వస్తుంది. ఈ ఏడాదికే స్టవ్ కావాలని మనసు లాగుతుంటే రంపపు పొట్టుతో నొక్కి చేసిన ఇటుకలు ప్యాలెట్ లెక్కన దొరుకుతాయి, తేమ 10 శాతం లోపే. ఒక టన్ను ఇటుకలు మూడింట రెండు వంతుల ఓక్ కార్డ్‌కి సమానం. ధర ఎక్కువే గానీ పచ్చి కట్టెతో చిమ్నీ పాడుచేసుకోవడం కన్నా నయం. ఒకేసారి స్టవ్ నిండా వేయకండి, విపరీతంగా వేడెక్కుతాయి.

ఎప్పుడైనా చిమ్నీలోంచి రైలు వెళ్తున్నట్టు హోరు వినిపిస్తే లోపల తారు అంటుకుందని అర్థం. గాలి తలుపు మూసేసి, అందరినీ బయటికి పంపి 911కి ఫోన్ చేయండి. మంట తనే ఆరిపోయినా సరే, తనిఖీ అయ్యేదాకా మళ్లీ వెలిగించకూడదు.

బూడిద తీసేటప్పుడు చల్లగా కనిపించినా నమ్మకండి. నివురు కింద కణికలు రోజుల తరబడి బతికే ఉంటాయి. మూతున్న ఇనప డబ్బాలోకి ఎత్తి, ఇంటికి దూరంగా, చెక్క డెక్ మీద కాకుండా నేల మీద పెట్టండి. ప్లాస్టిక్ చెత్తబుట్టలో, కాగితం సంచిలో పోసి గ్యారేజీలో పెట్టినవాళ్ల ఇళ్లు తగలబడ్డాయి. పూర్తిగా చల్లారాక ఎండాకాలం బీర, సొర, గోంగూర వేసే మళ్లలో పలచగా చల్లొచ్చు. ఈ వైపు నేల ఎక్కువగా పులుపు (ఆమ్లగుణం) కాబట్టి చాలాచోట్ల మేలే చేస్తుంది, కానీ ముందు మట్టి పరీక్ష చేయించండి. బ్లూబెర్రీ, బంగాళాదుంప మళ్లలో మాత్రం వేయకండి.

చిమ్నీ చూశాక లోపలి కొలత, ఎత్తు, ఫైర్‌ప్లేస్ గూడు లోతు రాయండి. ఏ సైజు ఇన్సర్ట్ పడుతుందో అప్పుడు చెప్తాను.